నర్సవ్వ రాత్రి రొట్టె

కామారెడ్డి ధాన్యం గంజు దర్వాజా పక్కన పేలాలు, పుట్నాలు వేయించి అమ్ముకున్న నర్సవ్వ పహిల్వాన్లను తయారు చేసిందంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు. కుస్తీ నేర్పే తాలీంఖానాలో ఆమె ఒక్కనాడూ కాలు పెట్టలేదు. కుస్తీ మట్టిని ఆడవాళ్లు తొక్కకూడదని అప్పట్లో కట్టుబాటు. పక్క సందులోనే తాలీంఖానా ఉన్నా, లోపల పిల్లలు గుంజీల్లాంటి బైఠకీలు తీస్తుంటే గోడకు ఇవతల ఆ చప్పుడు వింటూ తన భట్టీ తాను చూసుకునేది. అయినా ఆ పిల్లల ఒంటిమీది కండలో సగం వాటా నర్సవ్వదేనని తాలీం నడిపిన యాకూబు ఉస్తాదే ఒప్పుకున్నాడు. మిగతా సగం తనదని కూడా ఆయనే చెప్పుకున్నాడనుకోండి.

నర్సవ్వ మా అమ్మమ్మకు అక్క. నాకు ఊహ తెలిసేసరికే ముసలిదైపోయింది. ఆమె మీద నాకు ప్రేమ ఎంతో కోపమూ అంతే. ఈ కథలో సగం ఇంట్లో విన్నది, సగం ఆమె మేనల్లుడు సిద్దిరాములు ముసలితనంలో మాకు చెప్పింది. ఎప్పుడు విన్నా ఆమె చేసిన పనికి నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

ఆమె భర్త గంజులో హమాలీ. పెళ్లయిన కొన్నాళ్లకే జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. తాడ్వాయిలో పొలాలున్న తమ్ముడు గంగారాం వచ్చి తన ఇంటికి రమ్మంటే, "నీ పెండ్లం వండింది నేను తినుడేంది, నేను వండింది పది మంది తినాలె గని" అని పంపేసింది. భట్టీ పెట్టుకుంది, ఒక బర్రెను కొనుక్కుంది. ఎవరైనా బక్కగా కనిపిస్తే ఆమె చేయి ఊరుకునేది కాదు. కొనవచ్చినవాడి దోసిట్లో కొన్నదానికి ఇంకో గుప్పెడు కలిపి, "తిను, బొక్కలు కనబడుతున్నయి" అని కసిరేది.

యాకూబు పగలు గంజులో ధాన్యం తూచే దడవాయి, పొద్దునా సాయంత్రం ఉస్తాదు. నవాబుల కొలువులో కుస్తీ పట్టినవాడేమీ కాదు. ఊళ్లో జాతరల్లో పట్టి, మోకాలు చెడి మానుకున్నాడు. అతని తాలీంలో అన్ని కులాల పిల్లలూ ఉండేవాళ్లు. ఒకరినొకరు కిందా మీదా పడేసుకుంటారు గానీ కసరత్తు కాగానే ఎవరి ఇంటికి వాళ్లు పోవాలి. ఒకరి ఇంటి అన్నం ఒకరు ముట్టే రోజులు కావవి. ఇంటికి పోయి ఎవడు ఏం తింటున్నాడో, అసలు తింటున్నాడో లేదో ఉస్తాదుకు తెలిసేది కాదు. దానికి మార్గం నర్సవ్వే చూపించింది. వండినదానికి పట్టింపు గానీ, నీళ్లలో నానిన శెనగలకు ఏ పట్టింపూ లేదు. పొద్దున్నే ఒక గంప నిండా నానిన శెనగలు, పక్కన బెల్లం ముక్కలు పెట్టి తాలీం గడప బయట కూర్చునేది. కసరత్తు చేసి చెమటతో వచ్చిన ప్రతివాడూ ఆమె కళ్లముందే తినాలి. నమలకుండా మింగేవాడికి మొట్టికాయ పడేది.

బరువు సంగతిలోనూ ఆమె చేయి ఉంది. తాలీంలో ఒక్కొక్కరికి ఇసుక నింపిన గోనెసంచీ ఒకటి ఉండేది. దాన్ని ఎత్తి, రొమ్ముకు హత్తుకుని, భుజం మీదికి తెచ్చి, మళ్లీ నెమ్మదిగా దించాలి. ఒకేసారి బరువు పెంచితే పిల్లలు భయపడేవాళ్లు. భట్టీలో పేలాలు వేయించే ఇసుక కొన్నాళ్లకు నల్లబడుతుంది, మార్చాలి. ఆ పాత ఇసుకను నర్సవ్వ వారానికోసారి, అంగడి రోజున, సంచీకి గుప్పెడు చొప్పున గడప దగ్గర ఉంచేది, ఉస్తాదు ఎవరూ చూడకుండా సంచీల్లో పోసేవాడు. నిన్న ఎత్తిందే కదా అని పిల్లలు ఎత్తేవాళ్లు. ఏడాది తిరిగేసరికి మొదటి నాటి సంచీకీ ఇప్పటిదానికీ పోలికే ఉండేది కాదు. వాళ్లకు ఆ సంగతి తెలియదు.

1936లో, వానలు వెనకబట్టాక, గంగారాం కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. పదిహేడేళ్ల సిద్దిరాములు పొడుగ్గా, పిడికెడు నడుముతో ఉన్నాడు.

"అక్కా, వీనికి కుస్తీ పిచ్చి పట్టింది. ఎల్లారెడ్డి జాతరల పట్టి గెలుస్తడట. వీని ఒంట్ల చూస్తె బొక్కలు తప్ప ఏం లేవు. కండ పట్టిందా సరే, లేకుంటె నాగలి ఉండనే ఉన్నది" అన్నాడు గంగారాం.

"నా చేతి తిండి తిని బక్కగున్నోడు లేడు తమ్మీ. ఇడిసిపెట్టి పో" అన్నది నర్సవ్వ.

ఆ మాట ఆమెకే ఎదురు తిరిగింది. పొద్దున శెనగలు, పాలు, గుడ్లు. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, పెరుగు. రాత్రికి నెయ్యి రాసిన జొన్నరొట్టెలు, పప్పు. నెలలు గడిచినా పిల్లవాడి మెడ కింద గుంటలు పూడలేదు. సంచీ ఎత్తితే కాళ్లు వణికేవి. మిగతావాళ్ల సంచీలో ఇసుక పెరుగుతుంటే ఇతనికి తీయాల్సి వచ్చింది.

ఒకనాడు ఉస్తాదు గడప దగ్గర నిలబడి, "ఏం నర్సవ్వా, మేనల్లునికి తిండి పెడ్తున్నవా, గాలి పెడ్తున్నవా?" అన్నాడు.

"నా తిండికి వంక పెడ్తవా? నీ బైఠకీలే వాన్ని కరగదీస్తున్నయి. జర తగ్గియ్యి."

ఉస్తాదు తగ్గించాడు. ఆమె నెయ్యి పెంచింది. ఏమీ మారలేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కోపం పెంచుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పహిల్వాను తినేటప్పుడు ఎవరూ చూడకూడదు, దిష్టి తగిలితే తిన్నది ఒంటబట్టదని అందరూ నమ్మేవాళ్లు. శెనగలంటే పది మందిలో తిన్నా పరవాలేదు గానీ, నెయ్యి రొట్టెల దగ్గర నర్సవ్వ కూడా ఆ పట్టింపు వదలలేదు. రాత్రి కంచం లోపలి అర్రలో పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చేది. కాసేపటికి ఖాళీ కంచం బయటికి వచ్చేది. ఆ అర్రకు వెనక తలుపు ఉంది, అది కొట్టంలోకి తెరుచుకుంటుంది.

కొట్టంలో దూడ మాత్రం నిగనిగలాడుతూ పెరిగింది. గంజుకు వచ్చిన రైతులు ఆగి చూసి, ఏం మేపుతున్నవవ్వా అని అడిగేవాళ్లు. గడ్డే కదా అని ఆమె అమాయకంగా చెప్పేది. ఒక సాయంత్రం దీపం పెట్టి, పిడకల కోసం చుట్టూ తిరిగి కొట్టంలోకి వెళ్తే దూడ మూతికి పప్పు అంటుకుని ఉంది. నాలుకతో నాకుకుంటోంది. పక్కనే సిద్దిరాములు, చేతిలో మిగిలిన రొట్టె ముక్కతో.

ఆమె అరిచిన అరుపుకు ఇల్లంతా దద్దరిల్లింది. "నా నెయ్యి రొట్టె దూడకు పెడ్తవార? నా తిండి అంత చేదైందా నీకు?"

"అది కాదు అత్తా. నన్ను అడుగకు. చెప్తె పోతది" అన్నాడతను తల వంచుకుని.

చెప్తే పోయేది ఏమిటో నర్సవ్వకు వెంటనే తట్టింది. బయటికి చెప్పిన మొక్కు పలకదని ఆ కాలపు నమ్మకం.

"మొక్కుకున్నవా?"

అతను రొట్టె ముక్కను వెనక దాచుకున్నాడు.

"ఎల్లారెడ్డి కుస్తీల గెలిచేదాక రాత్రి తిననని మొక్కుకున్నవా?"

ఆ మాటకు అతనికి ఏడుపు ఆగలేదు. తాడ్వాయి నుంచి బయల్దేరేముందే హనుమంతుడి ముందు మొక్కుకున్నాడట. ఇష్టమైనదే వదలాలి కదా, అతనికి ఇష్టమైనది రాత్రి వేడివేడి రొట్టె. గెలవడానికి దేవుడి సాయం అడిగి, గెలిచే బలాన్ని తానే దూడకు పెట్టేశాడు. ఎంత తెలివి!

ఉస్తాదు విని నుదురు కొట్టుకున్నాడు. "అరే బేటా, మేం రంజాన్ల రోజా ఉన్నా పొద్దు గుంకంగనే తింటం. కసరత్తు చేసినోడు రాత్రి కడుపు ఎండబెట్టుకుంటె కండ ఏడికెల్లి వస్తది? నిద్రలనే గద కండ పెరిగేది!"

గుడి పూజారిని అడిగితే, మొక్కు వదలడం కుదరదన్నాడు. ఇంటివాళ్లు ఎవరైనా తమ మీద వేసుకోవచ్చని మాత్రం చెప్పాడు. ఆయన మాట పూర్తి కాకముందే నర్సవ్వ గుడి మెట్ల మీదే కొంగు పట్టి, "వీడు గెలిచేదాక నా రాత్రి బువ్వ నీది సామీ" అని మొక్కేసింది. నవ్వుతూ మొక్కిందట. జాతర ఇంకెంతో దూరం లేదు, మంచి తిండి పడితే ఈసారే గెలుస్తాడని ఆమె లెక్క. నాకు కోపం ఇక్కడే మొదలవుతుంది. ఆ దేవుడికి ఆమె రొట్టెతో ఏం పని?

ఆ రోజు నుంచి అర్ర తలుపు మూయలేదు. దిష్టి పట్టింపు పక్కనబెట్టి కంచం ముందు కూర్చునేది. రొట్టె మీద రొట్టె వేసేది. అతను చాలంటే ఒకటే మాట అనేది, "నీ కంచంల మెతుకు మిగిలితె నా ఆకలి దండుగ అయితది బిడ్డా." దానికి ఎదురు చెప్పేదెవరు? సిద్దిరాములు కళ్లనీళ్లతో తిన్నాడు, కడుపు పట్టకపోయినా తిన్నాడు, తర్వాత తర్వాత ఆకలితోనే తిన్నాడు. మెడ కింది గుంటలు పూడాయి. తీసిన ఇసుక మళ్లీ సంచీలోకి వచ్చింది.

కానీ ఆ వసంతంలో జాతరకు టైము చాలలేదు. ఎల్లారెడ్డి జాతరలో అప్పటికి పేరున్న పహిల్వాను నస్రుల్లాబాద్ సాయిలు. చేయి కలిపిన కాసేపటికే సిద్దిరాములును వెల్లకిలా పడేశాడు. సిద్దిరాములు ఇంటికి వచ్చి తల వంచుకుని నిలబడితే, "సరే గని, రొట్టె చల్లారుతున్నది" అన్నది నర్సవ్వ.

తర్వాతి ఏడాది కూడా ఓడిపోయాడు, కాకపోతే చాలాసేపు నిలిచి ఓడాడు. ఆ పై ఏడాది పొద్దు వాలేదాకా పట్టారు. ఎవరూ పడలేదు. తీర్పు చెప్పే పంచులు ఇద్దరి చేతులూ ఎత్తి బరాబర్ అన్నారు. సాయిలుతో బరాబర్ అంటే గెలిచినట్టేనని తాడ్వాయివాళ్లు డప్పులతో ఊరేగించారు. ఇతను ఊరేగింపు సగంలో వదిలేసి మోటారెక్కి కామారెడ్డి వచ్చి, వేడి రొట్టె కంచంలో పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

"గెలిచినవా?" అన్నది.

"బరాబర్ అత్తా. ఉస్తాదు గెలిచినట్టే అంటున్నడు."

"ఉస్తాదు మొక్కిండా, నేను మొక్కిన్నా? బరాబర్ అయితె తింటనని నేను మొక్కలే." కంచం తిప్పి అతని ముందుకే జరిపింది.

ఆ మరుసటి ఏడు ఆ వైపు గత్తర, అదే కలరా, వచ్చి జాతరే జరగలేదు. ఆ ఏడాది ఉత్తగా పోయింది. ఊరంతా పిల్లవాడి భుజాలు చూసి మెచ్చుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి కరిగిపోవడం మాత్రం ఎవరికీ పట్టలేదు. పగలంతా భట్టీ సెగ, సాయంత్రం ఖాళీ కడుపు. ఒకనాడు కళ్లు తిరిగి భట్టీ మీదికి ఒరిగింది. ముంజేయి కాలింది. ఉస్తాదు పరుగెత్తుకొచ్చి, తాలీంలో బెణుకులకు కట్టే గుడ్డతోనే కట్టు కట్టాడు.

"నర్సవ్వా, నీ దేవునికి నేను చెప్త. ఈ మొక్కు మాఫ్ చేయమంట" అన్నాడు.

"ముందు నీ సంచీల ఇసుక పొయ్యి పో" అన్నది ఆమె.

సిద్దిరాములు కాళ్లు పట్టుకున్నాడు. "నా మొక్కు నాకియ్యి అత్తా. నేనే పస్తుంట."

"మొక్కు ఏమన్న అంగట్ల సరుకార, వాపసు ఇయ్యనీకి? నువ్వు పస్తుంటె ఎన్నడు గెలుస్తవ్? నేను ఎన్నడు తింట?"

తాను తినడం మానితే ఆమె ఆకలి ఇంకా పొడుగవుతుంది. తింటుంటే ఆమె ఎదురుగా కూర్చుని చూస్తుంది. అలాంటి తిండి పగవాడికి కూడా వద్దని మాతో అనేవాడు.

చివరికి అతను ఎవరికీ చెప్పకుండా బాన్సువాడ మోటారెక్కి, అక్కణ్ణుంచి నడిచి నస్రుల్లాబాద్ పోయాడు. వచ్చే జాతరలో ఓడిపొమ్మని సాయిలును బతిమాలడానికి. సాయిలు చేనులో ఉన్నాడు. సంగతంతా విని, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

"తమ్మీ, నేను కావాలని పడితె అది నువ్వు గెలిచినట్టా? మనుషులను మోసం చేస్తం, సరే. మీ అత్త మొక్కింది మనుషులకా?" అన్నాడు. లేచి అతని నడుము తట్టి, "నిన్ను పోయినసారి పట్టుకున్నప్పుడు నడుములనే అలుసు దొరికింది నాకు. రెక్కలల్ల ఉన్నంత నడుముల లేదు నీకు. ఇంకింత తిని, ఇంకింత మోసి రా" అని కూడా చెప్పాడు. తనను గెలిచే మార్గం ఎదిరికి తానే చెప్పిన పహిల్వాను గురించి నేను ఇంకెక్కడా వినలేదు.

సిద్దిరాములు వచ్చి ఉస్తాదుకు అంతా చెప్పాడు. ఉస్తాదు తిట్టాల్సినన్ని తిట్లు తిట్టి, ఆ రోజు నుంచి కసరత్తు మార్చాడు. సంచీని భుజం మీద పెట్టుకుని బైఠకీలు తీయించాడు. దాన్ని రొమ్ముకు పట్టి తాలీం చుట్టూ నడిపించాడు. వంగి నేల మీది నుంచి లేపించాడు. ఒకరోజు గట్టిగా చేయిస్తే మరునాడు నూనె మర్దన చేయించి నిద్రపొమ్మన్నాడు. భట్టీ ఇసుక గుప్పెడు గుప్పెడుగా సంచీలో పడుతూనే ఉంది. కాలిన చేత్తోనే నర్సవ్వ దాన్ని గడప దగ్గర ఉంచేది.

1941 జాతరలో సాయిలుకూ సిద్దిరాములుకూ మళ్లీ కుస్తీ పడింది. సాయిలు ఎప్పటిలాగే తల కిందికి పెట్టి తోసుకుంటూ వచ్చాడు. సిద్దిరాములు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ పోయి, ఒక్కసారి వంగి అతని నడుము చుట్టూ చేతులు వేశాడు. ఆ తర్వాత ఏం చేశాడో తనకు గుర్తు లేదనేవాడు. రోజూ పొద్దున సంచీని ఎలా లేపేవాడో అలాగే లేపాడని ఉస్తాదు చెప్పేవాడు. సాయిలు రెండు కాళ్లూ నేల విడిచాయి. మట్టి మీద వీపు ఆనింది. పంచులు అరవకముందే సాయిలు కింద పడుకునే, "పో, మీ అత్తకు బువ్వ పెట్టు" అన్నాడట.

పెద్దలు గెలిచినవాడి చేతికి వెండి కడియం వేశారు. ఈసారి ఊరేగింపుకు ఆగనే లేదు. దీపాల వేళకు కామారెడ్డి చేరి, గంజు దర్వాజా నుంచే, "గెలిచిన అత్తా!" అని అరిచాడు. నర్సవ్వ గడపలోకి వచ్చింది. అతను తన చేతి కడియం తీసి ఆమె చేతికి తొడిగాడు. అది ముంజేతి మీద ఆగలేదు, మోచేతి మీదా ఆగలేదు. చేయి పైకెత్తితే జారుకుంటూ భుజం దాకా పోయింది. గెలిచిన సంతోషమంతా అక్కడే ఆవిరైపోయిందని చెప్పేవాడు. తన ఒంటి మీదికి వచ్చిన కండ ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు కనబడిందట.

ఉస్తాదు భార్య బజారు నుంచి మిఠాయి తెప్పించి పంపింది. తమ్ముడు గంగారాం నేతి డబ్బా తెచ్చాడు. అందరూ చుట్టూ కూర్చుని ఆమెను తినమన్నారు. నర్సవ్వ రొట్టె తుంచి రెండు ముక్కలు నమిలింది, మూడో ముక్క నోట్లోనే తిరిగింది.

"దిగుతలేదురా" అన్నది సిగ్గుపడుతూ. ఎంతమందికో కొసరి కొసరి పెట్టిన మనిషికి ఆ మాట అనడం ఎంత కష్టమైందో! మిగిలిన రొట్టెను అలవాటుగా మేనల్లుడి వైపు జరిపింది. అతను ముట్టుకోలేదు.

గంగారాం అతన్ని తాడ్వాయికి రమ్మన్నాడు. గెలిచావు కదా, ఇక పొలం చూసుకోమన్నాడు. సిద్దిరాములు పోలేదు. మరునాటి సాయంత్రం తానే పొయ్యి ముందు కూర్చుని వంకరటింకర రొట్టె ఒకటి కాల్చి, నిన్న తిన్నంత ముక్కే తుంచి ఆమె కంచంలో పెట్టాడు. ఆమె తినేసింది. నాలుగు రోజులు అంతే పెట్టాడు. ఆ తర్వాత ముక్క కాస్త పెద్దదైంది. మళ్లీ కొన్నాళ్లకు ఇంకాస్త. ఇసుక సంచీతో ఆ ఉపాయం కనిపెట్టిందే నర్సవ్వ, ఆమెకు తెలియకుండా ఉంటుందా? తెలిసినా ఏమీ అనలేదు. మధ్యలో ఎప్పుడైనా చేయి కడుక్కోబోతే అతను ఆమె మాటే ఆమెకు అప్పజెప్పేవాడు.

"మిగిలితె నేను గెలిచింది దండుగ అయితది అత్తా."

వానలు వచ్చాయి, పోయాయి. బతుకమ్మ పండుగ రోజుల్లో ఒక సాయంత్రం నర్సవ్వ రొట్టె మొత్తం తిని, ఇంకో సగం అడిగి తీసుకుంది. అది కూడా తినేసి, "ఇగ చాలురా. నన్ను గూడ ఎల్లారెడ్డికి తోలుతవా ఏంది?" అన్నది.

సిద్దిరాములు నవ్వుతూ ఆమె చేయి పట్టుకుని, కడియాన్ని పైకి తోశాడు. అది మోచేయి దాటలేదు. ఇంకోసారి తోశాడు, దాటలేదు. సాయిలును ఎత్తి పడేసినవాడు చిన్నపిల్లవాడిలా ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు.